నటుణ్ణి తయారుచేసే చదువు

మన బడి వార్షికోత్సవంలో నాటకం వేయని బ్యాచ్ బహుశా లేదు. తెలుగు మాస్టారు పాత్రలు పంచేవారు, డ్రిల్లు మాస్టారు తెర లాగేవారు, మిగతాది మన ధైర్యం. అయితే నటన అనేది మూడేళ్లపాటు విశ్వవిద్యాలయ స్థాయిలో నేర్పే చదువని ఆ రోజుల్లో మనకెవరికీ తెలియదు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ కొత్తగా వచ్చే కుర్ర ఇంజనీర్లకు పని నేర్పుతూ వస్తున్నాను. అందుకే, నటులకు పని ఎలా నేర్పుతారన్న విషయం మీద నాకు ఆసక్తి కలిగింది. ఆ చరిత్రను ఈ స్వర్ణోత్సవ సంచిక ద్వారా మీతో పంచుకుంటున్నాను.

ఒకప్పుడు నటుడికి నాటక సమాజమే బడి. మన సురభినే చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి ఆధ్వర్యంలో 'కీచక వధ'తో మొదలైన ఆ కుటుంబంలో పిల్లలకు తెర వెనకే ఊయల, తెర ముందే అక్షరాభ్యాసం. నాన్న వేషం కడుతుంటే చూసి, అమ్మ పద్యం విని, ఐదారేళ్లకే కృష్ణుడో లోహితుడో అయ్యేవారు. ఈ పద్ధతిలో ఉన్న బలం అంతా ఇంతా కాదు. కానీ ఆ కుటుంబంలో పుట్టనివాడికి ఆ తలుపు తెరుచుకోవడం కష్టం.

ఆ తలుపును అందరికీ తెరిచే ప్రయత్నం 1959లో జరిగింది. సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాను స్థాపించింది. 1962లో ఇబ్రహీం అల్కాజీ దాని డైరెక్టర్ అయ్యారు. పుణెలో అరబ్బు కుటుంబంలో పుట్టి, లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో శిక్షణ పొందిన మనిషి. 1977 దాకా, అంటే పదిహేనేళ్లు, ఆ బడిని నడిపారు.

ఆయన పద్ధతి చదువుతుంటే నాకు ఇంజనీరింగ్ మొదటి ఏడాది వర్క్‌షాప్ గుర్తొచ్చింది. ఏ బ్రాంచ్ వాడైనా సరే ఆకురాయి పట్టాలి, వడ్రంగం చేయాలి, కొలిమి దగ్గర నిలబడాలి. అల్కాజీ బడిలోనూ అంతే. హీరో వేషం వేసేవాడైనా మేకులు కొట్టాలి, లైట్లు కట్టాలి, దుస్తులు సర్దాలి, స్టేజీ ఊడవాలి. తొలి రోజుల్లో బడి కైలాష్ కాలనీలో ఉన్నప్పుడు, అక్కడి ఆరుబయలు రంగస్థలాన్ని విద్యార్థులే తమ చేతులతో కట్టుకున్నారు. మోహన్ రాకేశ్ రాసిన 'ఆషాఢ్ కా ఏక్ దిన్' ఆడింది అక్కడే. 1963లో ధర్మవీర్ భారతి 'అంధాయుగ్'ను ఫిరోజ్ షా కోట్లా శిథిలాల మధ్య ఆడించారు. అంత విశాలమైన చోట గొంతు ఎంత దూరం వెళ్లాలో, ఎక్కడ నిలబడాలో ఉపన్యాసం వింటే తెలియదు. అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

ఇక మనలాంటి తెలుగు మీడియం వాళ్లకు దగ్గరగా తగిలే సంగతి ఒకటుంది. 1970లో ఆ బడిలో చేరినవారిలో ఓంపురి ఒకరు. చిన్నతనంలో టీ కొట్టులో పనిచేసిన, పంజాబీ మాధ్యమంలో చదువుకున్న కుర్రాడు. ఇంగ్లీషు గలగలా మాట్లాడే తోటివారి మధ్య కుంగిపోయానని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. ఆ కుర్రాడే జపాన్ కబుకీ శైలిలో వేసిన 'ఇబరాగి' నాటకంలో చూపిన నటనకు సహాధ్యాయి నసీరుద్దీన్ షా విస్తుపోయారు. ఇంగ్లీషు తడబడిన మాత్రాన ఆ కుర్రాడి చదువు మధ్యలో ఆగిపోయి ఉంటే భారతీయ సినిమా ఎంత నష్టపోయేదో ఊహించండి. మన ఊళ్లనుంచి పట్నం కాలేజీలకు వెళ్లి, మొదటి సెమిస్టర్‌లోనే మూగబోయిన వాళ్లెందరో మనలోనే ఉన్నారు.

ఆ బడి తొలినాటి విద్యార్థుల్లో మరొకరు బి.వి. కారంత్. దక్షిణ కన్నడ జిల్లా పల్లెలో పుట్టి, చిన్నప్పుడే ఇంట్లోంచి పారిపోయి గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరారు. ఆ కుర్రాడిలో చురుకు చూసి వీరణ్ణ గారే హిందీ ఎం.ఏ. చదవమని కాశీ విశ్వవిద్యాలయానికి పంపారు. తన కంపెనీకి పనికొచ్చే కుర్రాణ్ణి చదువుకోసం వదులుకోవడానికి ఎంత పెద్ద మనసు కావాలి! ఆ కారంతే అల్కాజీ తర్వాత ఢిల్లీ బడికి డైరెక్టర్ అయ్యారు. షేక్‌స్పియర్ 'మాక్బెత్'ను 'బర్నమ్ వన్' పేరుతో యక్షగాన శైలిలో ఆడించారు. అల్కాజీ దారి వేరు, ఆయన దారి వేరు. ఒకే మూసలో పోయకపోవడమే ఆ బడి గొప్ప.

1990లలో కారంత్ మన సురభి దగ్గరికి వచ్చారు. 'భీష్మ', 'చండీప్రియ', 'బస్తీ దేవత యాదమ్మ' నాటకాలను వాళ్లతో చేయించారు. కంపెనీలో పెరిగి, విశ్వవిద్యాలయంలో చదివి, మళ్లీ కంపెనీ కళాకారులకే పని నేర్పిన మనిషి ఆయన. ఊయలలో నేర్చిన విద్య, తరగతిలో నేర్చిన విద్య అలా ఒకే స్టేజీ ఎక్కాయి.

ఈ చదువు కోసం నేడు ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖలున్నాయి. మన ఊరి పిల్లలకు ఆ సంగతి చెప్పేవాళ్లే తక్కువ.

అందుకే పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక మనవి. బడికి మనం ఇవ్వదలచిన కంప్యూటర్లు, బెంచీలు, మంచినీటి ప్లాంటు అన్నీ అవసరమే. వాటితోపాటు ప్రతి వేసవిలో పది రోజులు ఆ శాఖల విద్యార్థులను ఇద్దరు ముగ్గురిని పిలిపించి, మన పిల్లలతో ఒక నాటకం చేయిద్దాం. స్టేజీ పిల్లలే కట్టాలి, లైట్లు పిల్లలే పెట్టాలి, మాటలు మన ఊరి యాసలోనే ఉండాలి. వాళ్లంతా నటులు కాకపోవచ్చు. కానీ రేపు ఏ ఇంటర్వ్యూ గదిలోనైనా తలెత్తి మాట్లాడగలుగుతారు. అందుకయ్యే ఖర్చులో మా బ్యాచ్ వాటా మేమిస్తాం.