లోబాన్ పొగ నుంచి స్ప్రే డబ్బా దాకా: నీళ్లు తాకని తలస్నానం తారీఖ్



పోయిన ఎండాకాలం మా అమ్మీ ఇంట్లో కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అల్లాహ్ మెహర్బానీతో ఖైరియత్‌గానే అయ్యింది గాని, ఆ తర్వాత నెలన్నర మంచమే దిక్కయింది. వరంగల్ ఎండ సంగతి మీకు తెలుసు. మండీ బజార్‌లోని మా పాత ఇంట్లో మధ్యాహ్నం పూట ఫ్యాన్ కూడా వేడిగాలే విసురుతుంది. ఒళ్లంటే తడిబట్టతో తుడిచేవాళ్లం. తల సంగతే ముష్కిల్ అయ్యింది. డెబ్భై ఏళ్ల వయసులోనూ అమ్మీ జుల్ఫే నడుం దాకా ఉంటాయి. పది రోజులకే జిడ్డు పట్టి, తలగడకు రాసుకుని, ఉండలు కట్టాయి.

ఇయాదత్‌కు వచ్చిన చుట్టాల్లో ఒకామె, "ఇంకెందుకు బాజీ ఈ వెంట్రుకలు, కత్తిరించి పారేయరాదు?" అన్నది. అమ్మీ జవాబు చెప్పలేదు. మెల్లగా మొహం గోడ వైపు తిప్పుకుంది.

మర్నాడు హనుమకొండలో చదువుకునే మా అక్క బిడ్డ ఒక స్ప్రే డబ్బా పట్టుకొచ్చింది. "నానీ, దీనికి నీళ్లు అక్కర్లేదు. కొట్టుకుని దువ్వుకుంటే చాలు." పక్కనే ఉన్న మా ఖాలా నవ్వింది: "పిండి చల్లుకుంటే తల పాక్ అయితదా బేటీ?"

ఖాలా సవాల్ చిన్నదే. జవాబు వెతుకుతూ పోతే ఎక్కడెక్కడికో తీసుకెళ్లింది. ఆ కథే ఇది.

చంపీ విలాయత్ పోయింది

ముందు షాంపూ అనే మాట సంగతి. ఇది అంగ్రేజీ వాళ్లు మనకిచ్చిన మాట కాదు, మన దగ్గర తీసుకెళ్లిన మాట. హిందుస్తానీలో 'చాంప్నా' అంటే ఒత్తడం, పిసకడం. 'చాంపో' అంటే ఒత్తు అని. మన చంపీ కూడా ఆ కుటుంబందే. 1957లో వచ్చిన 'ప్యాసా' సినిమాలో జానీ వాకర్ నూనె సీసాలు పట్టుకుని వీధుల్లో తిరిగే చంపీవాలాగా కనిపిస్తాడు కదా, ఆ చంపీయే.

ఈ మాటను విలాయత్‌లో మషూర్ చేసినవాడు షేక్ దీన్ మొహమ్మద్. 1759లో పట్నాలో పుట్టాడు. చిన్నప్పుడే ఈస్టిండియా కంపెనీ ఫౌజులో చేరాడు. 1784లో ఐర్లండ్ వెళ్లి, అక్కడే పెళ్లి చేసుకున్నాడు. 1794లో తన సఫర్‌నామాను అంగ్రేజీలో అచ్చు వేయించాడు. 1810లో లండన్‌లో హిందుస్తానీ వంటకాల హోటల్ పెట్టి నష్టపోయాడు. అయినా హిమ్మత్ వదల్లేదు. 1814లో సముద్రపు ఒడ్డున ఉన్న బ్రైటన్ పట్నానికి వెళ్లి ఆవిరి స్నానాల హమామ్ తెరిచాడు. ఆవిరిలో కూర్చోబెట్టి, నూనెతో ఒళ్లు పిసికే ఆ ఇలాజ్‌కు 'షాంపూయింగ్' అని పేరు పెట్టాడు. నాలుగో జార్జ్, ఆ తర్వాత నాలుగో విలియం, ఇద్దరు బాద్షాలకు షాంపూ వైద్యుడయ్యాడు. 1851లో బ్రైటన్‌లోనే ఇంతెఖాల్ అయ్యాడు.

గమనించండి, ఆయన షాంపూలో తలంటు లేదు, మాలిష్ ఉంది. షాంపూ అంటే తల కడుక్కోవడం అనే మానీ 19వ శతాబ్దం రెండో సగంలో గాని కుదురుకోలేదు. అంతదాకా మన ఇళ్లలో తల కడిగే పని కుంకుడుకాయ, శికాకాయి, రేగాకు, ముల్తానీ మట్టి చేస్తూనే ఉన్నాయి. కుంకుడుకాయను ఉర్దూలో రీఠా అంటాం. దాని పైతొక్కలో సబ్బులా నురగనిచ్చే పదార్థం ఖుదరత్ పెట్టినదే.

ఇక ఆ షాంపూ ప్రతి ఇంటి గూట్లోకి వచ్చింది మొన్న మొన్న. తమిళనాడు కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ చిన్న ప్యాకెట్లలో అమ్మే ఆలోచన చేశాడు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూ మొదలుపెట్టాడు. సీసా కొనలేని గరీబు ఇంటికి కూడా ఒక్క తలస్నానానికి సరిపడా షాంపూ దొరికింది. మన వీధి కిరాణా దుకాణాల్లో తోరణాల్లా వేలాడే సాషేలు అక్కడి నుంచి వచ్చినవే.

తల మీద గంజి పొడి, కడుపులో ఆకలి

నీళ్లు లేకుండా తల శుభ్రం చేసుకోవడం వేరే కథ. దాని అసలు సామాన్ గంజి, అంటే స్టార్చ్. గోధుమ, బియ్యం, మొక్కజొన్న, ఏదైనా సరే. మా దాదా అజం జాహీ మిల్లులో పనిచేసేవాడు. 1934లో మొదలైన ఆ మిల్లు మా బస్తీల్లో ఎన్ని పొయ్యిలు వెలిగించిందో వరంగల్ వాళ్లకు చెప్పక్కర్లేదు. నేత మిల్లుల్లో పడుగు నూలు తెగకుండా గంజి పెడతారు. ఆ గంజిని ఎండబెట్టి మెత్తటి పొడి చేస్తే అది నూనెను పీల్చుకుంటుంది. డ్రై షాంపూ హునర్ మొత్తం ఇంతే.

యూరప్ నవాబులు 18వ శతాబ్దంలో ఈ పొడినే తలకూ, పెట్టుడు జుట్టుకూ కిలోల కొద్దీ చల్లుకునేవాళ్లు. తెల్లటి తల ఇజ్జత్‌కు నిషానీ. ఫ్రాన్సుతో జంగ్ నడుస్తున్న రోజుల్లో ఇంగ్లండ్ ప్రధాని పిట్‌కు డబ్బు అవసరమై, 1795లో తలపొడి మీద పన్ను వేశాడు. పొడి వాడాలంటే మనిషికి ఏడాదికి ఒక గినీ కట్టి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇటు మన నిజాం అలీ ఖాన్ ఖర్దా యుద్ధంలో మరాఠాల చేతిలో ఓడింది కూడా ఆ ఏడాదే. అక్కడ అదే సాల్ గోధుమ కరువొచ్చి రొట్టె ధర మండిపోయింది. ఒకవైపు పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే గోధుమ గంజిని తల మీద చల్లుకోవడం ఏమిటని జనం నిలదీశారు. చాలామంది జుట్టు పొట్టిగా కత్తిరించుకుని పొడి మానేశారు. ఆ పన్ను మాత్రం కాగితాల మీద 1869 దాకా బతికింది.

అమీర్ల సింగార్‌గా మొదలైన పొడి తర్వాత మరీజ్‌ల మంచం దగ్గరికి చేరింది. 1940లలో అమెరికాలో 'మినిపూ' అనే పొడి షాంపూ అట్టడబ్బాల్లో వచ్చింది. జ్వరంతో మంచాన ఉన్నవాళ్లకూ, తల తడపడానికి వీల్లేని పిల్లలకూ పనికొస్తుందని దాని ఇష్తెహార్. 1970ల నాటికి గ్యాసు నింపిన స్ప్రే డబ్బాలు వచ్చాయి. మరీజ్‌ల సామాన్ మళ్లీ ఫ్యాషన్ అయ్యింది.

ఓరుగల్లు రేవులో ఖుష్బూ

మన నేల మీద ఇదే అవసరాన్ని ఖుష్బూ తీర్చింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం చెక్కించాడు. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. అంతకుముందు తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును రాజులు జప్తు చేసుకునేవాళ్లు. ఇకపై సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమని పరదేశీ తాజిర్లకు అందులో అమాన్ ఇచ్చాడు. సుంకం వేసిన సరుకుల్లో గంధం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది ఉన్నాయి. అంటే ఓరుగల్లు రాజ్యం అత్తరు సామాన్‌కు పెద్ద ఖరీదుదారు అన్నమాట.

లోబాన్ కూడా సముద్రం దాటి వచ్చిన సరుకే. మనం సాంబ్రాణి అనే ఆ బంక సుమత్రా వైపు చెట్ల నుంచి వస్తుంది. అరబ్ తాజిర్లు దాన్ని 'లుబాన్ జావీ' అన్నారు, జావా లోబాన్ అని. 14వ శతాబ్దంలో ఆ దీవులకు వెళ్లిన ఇబ్న్ బతూతా తన సఫర్‌నామాలో దాని గురించి రాశాడు. మా నానీ జుమారాత్ సాయంత్రం తలస్నానం చేసిన ఆడపిల్లలందర్నీ వరుసగా పడుకోబెట్టి, తలల కింద వెదురుబుట్ట బోర్లించి, బుట్ట కింద అంగీఠీ పెట్టేది. పొగ వెంట్రుకల్లోకి పాకి తడి ఆరేది, ఆ వాసన రెండు రోజులు నిలిచేది. చిల్లాలో ఉన్న బాలింతకైతే నీళ్లు పోయని రోజుల్లో కూడా అదే. మురికి పోదు గాని, మనసుకు హాయి.

ఇక్కడే కథ ఒక వింత మలుపు తిరుగుతుంది. 'లుబాన్ జావీ' యూరప్ భాషల్లోకి పోయి, ముందున్న 'లు' రాలిపోయి, చివరికి 'బెంజోయిన్' అయ్యింది. దాని నుంచి తీసిన ఆమ్లం బెంజోయిక్ ఆమ్లం. 1833లో జర్మన్ కెమిస్ట్ మిట్షెర్లిక్ ఆ ఆమ్లాన్ని సున్నంతో కలిపి కాచి ఒక ద్రవాన్ని తీసి, 'బెంజిన్' అన్నాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే ఫారడే కనుక్కున్న ద్రవమే అది. నేటి పేరు బెంజీన్.

డబ్బాలో దూరిన బెంజీన్

ఆ పేరు మళ్లీ తల దగ్గరికే వచ్చింది. 2021 డిసెంబర్‌లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, 2022 అక్టోబర్‌లో యూనిలీవర్ అమెరికాలో తమ డ్రై షాంపూ స్ప్రేలు కొన్నింటిని బజారు నుంచి వాపసు తీసుకున్నాయి. వాటిలో బెంజీన్ ఉండవచ్చని తేలింది. ఎక్కువ కాలం, ఎక్కువ మోతాదులో ఒంట్లోకి పోతే బెంజీన్ రక్త కేన్సర్ తేగలదు. తమ డబ్బాల్లో కనిపించిన మోతాదుతో హాని జరుగుతుందని అనుకోవడం లేదనీ, ఎహతియాత్‌గా తీసుకుంటున్నామనీ కంపెనీలు చెప్పాయి.

బెంజీన్‌ను షాంపూలో ఎవరూ కావాలని కలపరు. పొడిని బయటికి చిమ్మడానికి డబ్బాలో నింపే బ్యూటేన్, ప్రొపేన్ పెట్రోలియం నుంచి వచ్చే గ్యాసులు. వాటితో పాటు దూరుతుంది. కాబట్టి స్ప్రే కాని మామూలు పొడిలో ఈ గ్యాసుల బెడద లేదు. అలాగని మన లోబాన్ పొగ అమృతమేమీ కాదు. ధూపం ఏది కాలినా పొగలో కొంత బెంజీన్ ఉంటుంది. కిటికీలు మూసిన గదిలో, దమ్మున్నవాళ్ల దగ్గర, పసిపిల్లల ఉయ్యాల పక్కన పొగ వేయకండి.

కొనేటప్పుడు, వాడేటప్పుడు

డబ్బా వెనక రాసింది చదవండి. 'ఒరైజా సటైవా స్టార్చ్' అంటే బియ్యపు గంజి, 'జియా మేస్ స్టార్చ్' అంటే మొక్కజొన్న గంజి. బ్యూటేన్, ఐసోబ్యూటేన్, ప్రొపేన్ అని ఉంటే గ్యాసు డబ్బా. దాన్ని పొయ్యి దగ్గరా, ఎండలోనూ పెట్టొద్దు, అంటుకుంటుంది. 'టాల్క్' ఉన్నది వదిలేయండి. జాన్సన్ అండ్ జాన్సన్ కూడా 2023లో పిల్లల పౌడర్లో టాల్క్ ఆపి మొక్కజొన్న గంజికి మారింది. 'ఆల్కహాల్' ఉన్నవాటి మీద ఉలమాల రాయ్ వేరువేరుగా ఉంది. మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి.

తల పొడిగా ఉన్నప్పుడే వాడాలి. పాయలు తీసి, జానెడు దూరం నుంచి కుదుళ్లకు మాత్రమే కొట్టాలి. రెండు మూడు నిమిషాలు ఆగాలి, గంజి నూనె పీల్చుకోవడానికి వక్త్ కావాలి కదా. తర్వాత వేళ్లతో రుద్ది, సన్నపళ్ల దువ్వెనతో పూర్తిగా దువ్వేయాలి. హిజాబ్ కట్టే ఆడపిల్లలు ఈ చివరి పని మరవొద్దు. దువ్వకుండా కట్టేస్తే చెమటతో కలిసి పొడి మళ్లీ గంజే అవుతుంది, కుదుళ్లు మూసుకుని దురద పుడుతుంది. ఒకటి రెండు సార్లు వాడాక తప్పకుండా తల కడుక్కోవాలి. పుండ్లు, పేలు ఉన్న తలకు అసలే వద్దు.

ఇక ఖాలా సవాల్. పిండితో తల పాక్ అవుతుందా? అవదు. గుస్ల్ ఫర్జ్ అయినప్పుడు నీళ్లు వెంట్రుకల మొదళ్ల దాకా చేరాల్సిందే. నీళ్లు వాడలేని ఉజ్ర్ ఉన్నవాళ్లకు దీన్ తయమ్ముమ్ ఇచ్చింది, అందులో కూడా మట్టి చేతులు తుడిచేది మొహానికీ, చేతులకే గాని తలకు కాదు. డ్రై షాంపూ తహారత్ కాదు, సఫాయి కూడా పూర్తిగా కాదు. నూనె తీస్తుంది గాని చెమట ఉప్పునూ, మురికినీ తీయదు. అది ఒక సహూలత్, అంతే. కాని సహూలత్ అంటే తక్కువేమీ కాదు.

మేము ఆ స్ప్రే వాడలేదు, గదిలో గాలి ఆడదని భయపడ్డాం. రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్‌లో ఒక చెంచా చక్కెర లేని కోకో పొడి కలిపాం. కోకో ఎందుకంటే నల్ల వెంట్రుకల మీద తెల్లగా కనిపించొద్దని. రాత్రి దూదితో కుదుళ్లకు అద్ది, పొద్దున తువాలు పరిచి చివర్ల నుంచి పైకి చిక్కు తీశాం. గంట పట్టింది. జుట్టంతా పోతుందనుకున్నాం, పోయింది పిడికెడే. ఖాలాయే జడ వేసింది. అమ్మీ చేత్తో తడుముకుని చూసుకుంది. అద్దం అడిగింది.

నెలన్నర తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి కుంకుడు రసంతో నిజమైన తలస్నానం చేయించాం. నీళ్లు మూడు బకెట్లు నల్లగా పారాయి, ఖాలా మాట నిజమే. కాని ఆ రోజు కడగడానికి అమ్మీకి జుట్టు మిగిలింది.

మీ ఇంట్లో మంచాన పడ్డ పెద్దామె ఉంటే, కత్తెర తీసే ముందు ఒకసారి ఆమెను అడగండి. దువ్వెన పట్టుకుని ఒక గంట పక్కన కూర్చోండి. అది కూడా ఖిద్మతే.