కాటన్ దొర ఇంటివారి కథ

ధవళేశ్వరంలో కాటన్ దొర అంటే ఆనకట్ట కట్టించిన ఆయన ఒక్కడే. ఆయన ముందరివాళ్లెవరు, తర్వాతివాళ్లు ఏమయ్యారు అని గోదావరి గట్టున అడిగేవాళ్లు తక్కువ. అడిగితే మాత్రం వినవలసిన కథ ఉంది.

ఇంగ్లండులో చెషైర్ సీమలో కంబర్‌మియర్ అని ఒక మఠం ఉండేది. 1133లో వెలిసింది. ఎనిమిదో హెన్రీ రాజు దేశంలోని మఠాలన్నీ మూయించి, 1539లో ఆ మాన్యాన్ని మన కాటన్ పూర్వీకుడు సర్ జార్జ్ కాటన్‌కు రాసిచ్చాడు. సన్యాసులు వెళ్లిపోయిన ఇంట్లో దొరలు కాపురం పెట్టారు. దేవుడి మాన్యం తిన్న ఇల్లు నిలవదని మన పెద్దలు అంటారు కదా, అక్కడివాళ్లదీ అదే నమ్మకం. మఠాల భూములు పుచ్చుకున్న కుటుంబాలు ఎలా చితికిపోయాయో హెన్రీ స్పెల్మన్ అనే పండితుడు ఒక గ్రంథమే రాశాడు.

శాపమో కాదో గానీ, ఆ వంశం ముందు ఆకాశానికెగిరింది. స్టేపుల్‌టన్ కాటన్ 1799లో టిప్పు మీద శ్రీరంగపట్నంలో, 1812లో ఫ్రెంచివాళ్ల మీద సలమాంకాలో పోరాడి, 1826లో భరత్‌పూర్ కోటను పడగొట్టాడు. మరుసటి ఏడు వైకౌంట్ బిరుదు పొందాడు. కరీబియన్ దీవుల్లో ఆయనకు చెరకు తోటలు, బానిసలు ఉండేవారు. ఆ దొర వైభవం చెప్పేటప్పుడు ఈ సంగతి దాచడం తప్పు. బార్బడోస్‌కు ఆయన గవర్నరుగా ఉన్న రోజుల్లోనే, మూసి ముద్రలు వేసిన సమాధిలో శవపేటికలు వాటంతటవే చోటు మారాయన్న వదంతి పుట్టింది.

ఆయన కొడుకు, రెండో వైకౌంట్, లండన్ వీధిలో గుర్రపుబండి తగిలిన దెబ్బతో 1891 డిసెంబరులో పోయాడు. అంత్యక్రియలు జరుగుతున్న వేళ కంబర్‌మియర్ గ్రంథాలయంలో ఒకావిడ కెమెరా తెరిచి పెట్టింది. ఖాళీగా ఉండాల్సిన కుర్చీలో ఒక పెద్దమనిషి తల, చెయ్యి లీలగా పడ్డాయి. చనిపోయిన దొరే వచ్చి కూర్చున్నాడన్నారు. ఎంతోసేపు తెరిచి ఉంచిన కెమెరా ముందు ఎవరో నౌకరు కాసేపు కూర్చుని వెళ్లి ఉంటాడని మరికొందరన్నారు. 1919లో ఇల్లూ భూములూ అమ్ముడైపోయాయి. 380 ఏళ్ల కాపురం అలా ముగిసింది.

మన కాటన్ ఆ స్టేపుల్‌టన్‌కు చిన్నాన్న కొడుకు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. ఆస్తంతా పెద్దకొడుక్కే పోయే ఆచారంలో చిన్న కొడుకు కొడుకుకు ఏం దక్కుతుంది? పద్దెనిమిదేళ్లకే, 1821లో, మద్రాసు చేరాడు. కరువులో మాడి, 1839 ఉప్పెనలో మునిగిన ఈ గోదావరి సీమలో 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం ఆనకట్టలు కట్టించాడు. రైళ్ల కంటే కాలువలే దేశానికి మేలని వాదించినందుకు 1878లో పార్లమెంటు సంఘం ముందు ముసలితనంలో నిలబడి నిలదీతలు ఎదుర్కొన్నాడు. ఆయన మాట నెగ్గలేదు.

నా మనసు ఆగేది ఆయన కూతురు ఎలిజబెత్ దగ్గర. నౌకాదళ అడ్మిరల్ జేమ్స్ హోప్‌ను పెళ్లాడి లేడీ హోప్ అయింది. తాగుడు మాన్పించడానికి పనివాళ్లకు కాఫీ గదులు నడిపింది. రెండో భర్త కూడా పోయాక 1911లో దివాలా తీసింది. దేశం విడిచి అమెరికా వెళ్లింది. డార్విన్ తన చివరి రోజుల్లో బైబిల్ చదువుతుండగా చూశానని ఆమె చెప్పిన కథ 1915లో అచ్చయింది. డార్విన్ పిల్లలు అది అబద్ధమన్నారు. నేనూ వాళ్ల మాటే నమ్ముతాను. కానీ ప్రపంచం ఆ ఒక్క కథతోనే ఆమెను గుర్తుపెట్టుకోవడం అన్యాయం. 1922లో, ఇంటికి ఎంతో దూరాన, సిడ్నీలో కన్నుమూసింది.

తండ్రి పోయిన మరుసటి ఏడు, 1900లో, ఆయన జీవిత చరిత్రను రాసి అచ్చువేయించింది ఆమే. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడబోయేవాళ్లు ఆ కూతురి పేరు కూడా ఒకసారి తలచుకోండి. దొర గురించి మనం చెప్పుకునే మాటల్లో చాలా భాగం ఆమె రాసిపెట్టినవే.