కరణం మల్లీశ్వరి

కరణం మల్లీశ్వరి (జననం: 1975 జూన్ 1) భారత వెయిట్‌లిఫ్టర్. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో ఆమె కాంస్యం సాధించారు. ఆ ఒలింపిక్స్‌లో భారత్‌కు దక్కిన పతకం అదొక్కటే. అంతకు ముందే ఆమె రెండుసార్లు ప్రపంచ విజేత.

నేపథ్యం

మల్లీశ్వరి పెరిగింది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో. తండ్రి మనోహర్ రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్. తల్లి శ్యామల కూతుళ్ల సాధనకు అండగా నిలిచారు. అక్కచెల్లెళ్లు కూడా బరువులెత్తినవారే. స్థానిక శిక్షకుడు నీలంశెట్టి అప్పన్న దగ్గర ఆమె తొలి పాఠాలు నేర్చుకున్నారు. తర్వాత జాతీయ శిబిరానికి ఎంపికయ్యారు.

క్రీడ, నియమాలు

పోటీలో రెండు అంశాలుంటాయి. స్నాచ్‌లో బార్‌ను నేల మీది నుంచి ఒకే ఊపున తలపైకి ఎత్తాలి. క్లీన్ అండ్ జర్క్‌లో ముందు భుజాల దాకా తెచ్చి, ఆ తర్వాత తలపైకి నెట్టాలి. ఒక్కోదానికి మూడు అవకాశాలు. రెండింటిలో ఎత్తిన అత్యధిక బరువులను కలిపితే వచ్చేదే మొత్తం స్కోరు. మహిళల బార్ బరువు 15 కిలోలు, పురుషులది 20 కిలోలు.

మహిళలకు ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొలిసారి 1987లో అమెరికాలోని డేటోనా బీచ్‌లో జరిగింది. ఒలింపిక్స్‌లో చోటు దక్కడానికి మరో 13 ఏళ్లు పట్టింది. సిడ్నీలో మహిళలకు ఏడు విభాగాల్లో పోటీలు నిర్వహించారు. భారత్ తరఫున తొలితరంలో మణిపూర్‌కు చెందిన కుంజరాణీ దేవి ప్రపంచ పోటీల్లో పలుసార్లు రజతాలు గెలిచి దారి చూపారు.

ప్రపంచ పోటీలు

1993లో మెల్‌బోర్న్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మల్లీశ్వరి 54 కిలోల విభాగంలో కాంస్యం గెలిచారు. మరుసటి ఏడాది ఇస్తాంబుల్‌లో స్వర్ణం సాధించారు. 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆ స్వర్ణాన్ని నిలబెట్టుకున్నారు. 1996లో వార్సాలో మళ్లీ కాంస్యం వచ్చింది. 1994 హిరోషిమా, 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో రజతాలు దక్కాయి. అర్జున (1994), ఖేల్ రత్న, పద్మశ్రీ (1999) పురస్కారాలన్నీ సిడ్నీకి ముందే అందుకున్నారు.

సిడ్నీ పోటీ

సిడ్నీ నాటికి ఆమె 54 నుంచి 69 కిలోల విభాగానికి మారారు. స్నాచ్‌లో 105, 107.5, 110 కిలోలను వరుసగా ఎత్తారు. క్లీన్ అండ్ జర్క్‌లో 125, 130 కిలోలు పూర్తయ్యాయి. ఆఖరి అవకాశానికి 137.5 కిలోలు ఎంచుకున్నారు. అది ఎత్తగలిగితే మొత్తం 247.5 అయ్యేది, స్వర్ణం ఆమెదే. ఆ ప్రయత్నం ఫలించకపోవడంతో 240 కిలోల దగ్గర ఆగిపోయారు. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెట్ మార్కుస్ ఇద్దరూ 242.5 కిలోలు ఎత్తారు. శరీర బరువు తక్కువగా ఉన్నందున లిన్‌కు స్వర్ణం దక్కింది. అంటే పసిడికీ కాంస్యానికీ మధ్య తేడా రెండున్నర కిలోలు. ఖాయమైన పతకంతో సరిపెట్టుకోకుండా స్వర్ణానికే గురిపెట్టిన ఆ మూడో ప్రయత్నం ఆమె తెగువకు నిదర్శనం.

తర్వాతి కాలం

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్కోరు నమోదు చేయలేకపోయిన ఆమె ఆ తర్వాత పోటీల నుంచి తప్పుకున్నారు. హర్యానాలోని యమునానగర్‌లో స్థిరపడి కొత్తతరానికి శిక్షణ ఇస్తున్నారు. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితులయ్యారు.

వారసత్వం

ఉత్తరాంధ్రలో ఈ క్రీడ ఆమెతో ఆగిపోలేదు. విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పాల్గొన్నారు. నైజీరియా విజేత డోపింగ్‌లో పట్టుబడడంతో సంతోషి కాంస్యం రజతమైంది. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌లో భారత్‌కు రెండో ఒలింపిక్ పతకం రావడానికి 2021 దాకా పట్టింది. టోక్యోలో మీరాబాయి చాను 49 కిలోల విభాగంలో మొత్తం 202 కిలోలు ఎత్తి రజతం గెలిచారు.

చిన్న ఊళ్ల నుంచి, సాధారణ కుటుంబాల నుంచి వచ్చే ఆడపిల్లలు ప్రపంచ వేదికపై నిలబడగలరని భారత క్రీడారంగానికి ఒలింపిక్ పతకంతో మొదట రుజువు చేసింది మల్లీశ్వరే.