బెంగుళూరు పెంకు, ఉత్తకాళ్ళు: మా ఊరి బడులు, ఫుట్‌బాల్ పోటీలు

మా ఇంట్లో తులసికోట పక్కన ఒక ఎర్ర పెంకు ఉంది. దాని మీద మా అవ్వ దీపం పెట్టేది. చిన్నప్పుడు అది దేవుడి సామాను అనుకునేవాణ్ణి. అది ఒక బడి పెంకు అని నాకు ఇరవై ఏళ్ళు దాటాక తెలిసింది. మా చిన్నతాత (తాతకు తమ్ముడు) చదివిన హైస్కూలుది. ఆ బడి పాత కట్టడం పడగొట్టిన రోజు ఆయన ఆటోలో పోయి, కూలీలను అడిగి, ఒకే ఒక్క పెంకు తెచ్చుకున్నాడంట.

ఆ పెంకు గురించి రాద్దామని కూర్చుంటే కథ ఫుట్‌బాల్ దగ్గరికి పోయింది. ఎందుకంటే చిన్నతాతకు బడి అంటే పాఠం కాదు, బంతి. నేను చదివింది కన్నడ మీడియంలో. తెలుగు అక్షరాలు ఇంట్లో అవ్వ దగ్గర, తర్వాత సినిమా పోస్టర్ల మీద నేర్చుకున్నవి. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

ముందు ఊరి సంగతి. మా వాళ్ళు ఇక్కడికి వచ్చి ఐదు తరాలు. మేముండేది పేటలో. బెంగళూరులో పాతవాళ్ళు ఇప్పటికీ రెండు మాటలు వాడతారు: పేట, దండు. పేట అంటే కోట చుట్టూ ఉన్న అంగళ్ళ ఊరు, మైసూరు రాజ్యంలోది. దండు అంటే కంటోన్మెంట్. శ్రీరంగపట్నం నుంచి బ్రిటిష్ సైన్యం ఇక్కడికి మారి, 1809 నుంచి దండు పెరిగింది. మధ్యలో కబ్బన్ పార్కు. రెండింటికీ వేరే పాలన, వేరే పన్నులు. దండు తిరిగి మైసూరు చేతికి వచ్చింది 1947లో, రెండూ కలిసి ఒకే కార్పొరేషన్ అయింది 1949లో. మా చిన్నతాత బడికి పోయే కాలానికి ఊరు కాగితం మీద ఒకటైంది కానీ, పేట పిల్లోడు దండుకు పోతే వేరే దేశం పోయినట్టే ఉండేదని చెప్తా ఉండేవాడు.

ఫుట్‌బాల్ దండులో పుట్టింది. సిపాయిలు పరేడ్ మైదానాల్లో ఆడేవాళ్ళు, చుట్టూ ఉన్న తమిళ కుటుంబాల పిల్లలు, శివాజీనగర్ వైపు ముస్లిం పిల్లలు, ఆంగ్లో ఇండియన్లు చూసి నేర్చుకున్నారు. ఆస్టిన్ టౌన్, మర్ఫీ టౌన్, అలసూరు పేర్లు చెప్తే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది బంతే. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు బొంబాయి పోయి రోవర్స్ కప్పు గెలిచింది. అంతకుముందు ఆ కప్పు బ్రిటిష్ పటాలాలదే. దాన్ని గెలిచిన మొదటి భారతీయ జట్టు మన ఊరిది. మరుసటి ఏడు కూడా వాళ్ళే గెలిచారు.

బడుల పోటీ అంటే ఊళ్ళో అందరూ చెప్పేది ఒకటే: బిషప్ కాటన్ బాయ్స్ స్కూలు, సెయింట్ జోసెఫ్స్ బాయ్స్ హైస్కూలు. ఒకటి సెయింట్ మార్క్స్ రోడ్డులో, ఇంకొకటి మ్యూజియం రోడ్డులో. నడిచి పోయేంత దూరం. ఒకటి ఆంగ్లికన్ వాళ్ళది, ఇంకొకటి కాథలిక్ వాళ్ళది. ఇంత దగ్గర ఉండి ఇంత వేరుగా ఉంటే పోటీ రాకుండా ఎట్లా ఉంటుంది?

"మా బడి పాతది" అంటే "మా బడి పాతది" అని రెండు వైపులా వాదించుకుంటారు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరైనా ఒక తేదీ చెప్తే, అది దేని తేదీ అని అడగడం నాకు అలవాటు. బడి మొదలైన తేదీయా, ఇప్పుడున్న జాగాకి వచ్చిన తేదీయా, కట్టడం లేచిన తేదీయా? ఈ మూడూ మూడు తేదీలు.

జోసెఫ్స్ వాళ్ళు 1858 నుంచి లెక్క పెడతారు. పారిస్ ఫారిన్ మిషన్స్ అనే ఫ్రెంచి పాదిరీల సంఘం మొదలుపెట్టిన చదువు అది. 1882లో అది సెయింట్ జోసెఫ్స్ కాలేజీ అయింది. అందులో యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు ఒక విభాగం, ఇండియన్ పిల్లలకు ఒక విభాగం. 1904లో ఇండియన్ పిల్లలది సెయింట్ జోసెఫ్స్ ఇండియన్ హైస్కూలు అని వేరే బడి అయింది. 1937లో ఇవన్నీ జెసూట్ల చేతికి వచ్చాయి. క్రికెటర్ రాహుల్ ద్రవిడ్ చదివింది బాయ్స్ హైస్కూల్లో. ఇండియన్ హైస్కూలు ఇప్పుడు విఠల్ మాల్యా రోడ్డులో ఉంది. పేరులో ఆ "ఇండియన్" అనే మాట ఇంకా అట్లే ఉంది. దాని పక్క నుంచి రోజూ బస్సులో పోతా నేను ఎన్నో ఏళ్ళు అది దేశభక్తితో పెట్టిన పేరు అనుకున్నాను. ఎవరు ఏ గదిలో కూర్చోవాలో చెప్పే బోర్డుగా మొదలైందని చదివాక తెలిసింది.

కాటన్స్‌ది 1865. రెవరెండ్ శామ్యూల్ థామస్ పెట్టిగ్రూ అనే పాదిరీ హైగ్రౌండ్స్‌లో ఒక బంగళాలో మొదలుపెట్టాడు. సెయింట్ మార్క్స్ రోడ్డు జాగాకి వచ్చింది ఆ తర్వాతే. తిరుక్కురళ్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన జి.యు. పోప్ 1870లలో ఆ బడికి పెద్దగా పనిచేశాడు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. బడికి పేరిచ్చిన జార్జ్ కాటన్ కలకత్తా బిషప్. ఇండియాకి రాకముందు ఆయన బడి పంతులు. ముందు రగ్బీ స్కూల్లో, తర్వాత 1852 నుంచి మార్ల్‌బరో కాలేజీలో పెద్ద పంతులు. ఆయన వచ్చే ముందు ఏడే, 1851లో, మార్ల్‌బరో పిల్లలు తిరగబడి బడిని అల్లకల్లోలం చేశారు. ఊరి పొలాల మీద పడి తిరిగేవాళ్ళు. కాటన్ 1853లో తల్లిదండ్రులకు ఒక జాబు రాశాడు: పిల్లలు బడి ఆవరణలోనే ఉండాలి, ఆటలు అందరూ కలిసి ఆడాలి అని. ఆటలాడే కుర్ర పంతుళ్ళను తెచ్చి పిల్లలతో పాటు మైదానంలో దింపాడు. బడిలో ఆట అనేది పాఠంలాగే ఒక క్రమం అని నమ్మినవాళ్ళలో ఆయన మొదటివరసలో మనిషి. ఫుట్‌బాల్‌కి లండన్‌లో రూల్సు రాసుకుంది 1863లో. కాటన్ పేరు మీద మన ఊళ్ళో బడి లేచింది రెండేళ్ళకే. ఆ మరుసటి ఏడు, 1866 అక్టోబరులో, ఆయన కుష్టియాలో స్టీమర్ ఎక్కబోతా బల్ల మీద నుంచి జారి నదిలో పడిపోయాడు. శవం దొరకలేదు.

అంటే దండు బడుల్లో మైదానం అనేది మిగిలిపోయిన ఖాళీ జాగా కాదు. కట్టడంతో పాటు అనుకుని పెట్టుకున్నది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు పేట వైపు. పేటలో కూడా మంచి బడులు లేచాయి. 1858లోనే మొదలైన బెంగళూరు హైస్కూలు తర్వాత సెంట్రల్ కాలేజీ అయింది. టిప్పు వేసవి విడిది దగ్గర కోట హైస్కూలు, బసవనగుడిలో 1917 నాటి నేషనల్ హైస్కూలు. దండులో కూడా పేదపిల్లల కోసం 1873లో ఆర్కాట్ నారాయణస్వామి మొదలియార్ పెట్టిన బడి ఉంది. అలసూరు దగ్గర ఆ ఆర్.బి.ఎ.ఎన్.ఎమ్. మైదానం ఫుట్‌బాల్ వాళ్ళకి బాగా తెలుసు. కానీ చాలా సర్కారు బడులకు కట్టడమే గొప్ప. మైదానం అంటే ప్రార్థనకు నిలబడే ముంగిలి.

మా చిన్నతాత చదివింది అట్లాంటి ఒక బడిలో. పేరు రాయను. 1950లలో ఒక ఏడు వాళ్ళ జట్టు దండులోని ఒక పెద్ద బడి మైదానంలో ఆడడానికి పోయింది. దాని పేరూ రాయను. పదకొండు మందిలో నలుగురి ఇళ్ళలో తెలుగు, ముగ్గురికి కన్నడం, మిగిలినవాళ్ళకు తమిళం, దక్కనీ. మైదానంలో మాత్రం అందరూ అరిచేది తమిళంలోనే, ఎందుకంటే ఆట నేర్చుకుంది ఆ భాషలో. బూట్లు ఎవరికీ లేవు. అవతలి వాళ్ళందరికీ ఉన్నాయి.

ఉత్తకాళ్ళు అంటే అప్పటికి సిగ్గుపడే సంగతి కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశం జట్టులో చాలామంది ఉత్తకాళ్ళతోనే ఫ్రాన్స్ మీద ఆడి 2-1తో ఓడారు. ఆ ఒక్క గోల్ కొట్టింది బెంగళూరు కుర్రాడు శారంగపాణి రామన్. 1952 హెల్సింకీలో యుగోస్లావియా మీద 10-1తో ఓడారు. ఆ ఒక్క గోల్ కూడా బెంగళూరు ఆటగాడు అహ్మద్ ఖాన్‌ది. రెండు ఒలింపిక్స్‌లో దేశం కొట్టిన రెండు గోల్సూ మన ఊరి కాళ్ళవే. హెల్సింకీ తర్వాతే బూట్లు తప్పనిసరి అన్నారు. 1952-53లో మైసూరు జట్టు రెండోసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది. పేట పిల్లోళ్ళ తలకాయల్లో ఇదంతా తిరుగుతా ఉండేది.

ఆ మ్యాచ్ ఓడిపోయారు. ఎన్ని గోల్స్ అని అడిగితే చిన్నతాత ఎప్పుడూ చెప్పలేదు. ఆయన చెప్పింది వరండా గురించి. వాన వస్తే ఆట ఆపి అందరినీ వరండాలో నిలబెట్టారు. "తల ఎత్తి చూస్తే కప్పు కనపళ్ళేదురా, అంత ఎత్తు. గోడ మీద వరసగా బోర్డులు, వాటి మీద ఏ ఏడు ఎవరు కెప్టెన్ అని బంగారు రంగులో పేర్లు. మావాళ్ళు ఆ పేర్లు చదువుతా నిలబడ్డారు. మ్యాచ్ ఆడనే ఓడిపోయినాం" అనేవాడు. వాళ్ళ బడిలో కూడా ఆయన ఒక ఏడు కెప్టెన్. ఆ సంగతి ఏ గోడ మీదా లేదు. మా ఇంట్లో మాకు తప్ప ఎవరికీ తెలీదు.

కట్టడాల గురించి నేను రాయాలనుకుంది ఇదే. పాత బడి పోతే పోయేది అందం ఒకటే కాదు. పేర్లు రాసుకునే గోడ పోతుంది.

వాళ్ళ బడి కట్టడం ఎట్లాంటిదో ఆయన చెప్పింది గుర్తుంది. ఇక్కడి నల్లరాతి పునాది, సున్నం గార గోడలు, మధ్య హాలుకి మద్రాసు టెర్రస్, పక్క గదులకు పెంకుల కప్పు, కిటికీల పైన చెక్కతో చేసిన మొనదేలిన టోపీలు. వీటిని బెంగళూరులో మంకీ టాప్ అంటారు. మద్రాసు టెర్రస్ అంటే టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి, పైన సున్నం వేసి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు చల్లుతా రోజుల తరబడి చెక్కబల్లలతో దంచడం. అది చెమ్మను పీల్చుకుని మళ్ళీ బయటికి వదులుతుంది. వందేళ్ళు నిలబడుతుంది, కానీ కారితే సున్నంతోనే మరమ్మతు చేయాలి. సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాదు, దూలం పుచ్చిపోతుంది. ఆ బడిలో సిమెంటే పూశారు. గోడ సందులో రావిమొక్క మొలిచింది, ఎవరూ పీకలేదు. తర్వాత "ప్రమాదకరం" అని ఒక కాగితం వచ్చింది. దాని తర్వాత ఆటోలో మా చిన్నతాత.

ఇక ఆ పెంకు. ఆంధ్రాలో మన చుట్టాలు దీన్ని బెంగుళూరు పెంకు అంటారు. ఇక్కడ బెంగళూరులో మేం అనేది మంగళూరు పెంకు. మేమే కరెక్టు. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మంగళూరు దగ్గర జెప్పులో ఫ్యాక్టరీ పెట్టి వీటిని చేశారు. కాటన్ బడి మొదలైన ఏడే. పెంకు వెనక చేసినవాళ్ళ పేరు అచ్చు ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మిషన్ ఫ్యాక్టరీలు వాళ్ళ చేయి జారి, తర్వాత కామన్‌వెల్త్ ట్రస్ట్ కిందికి పోయాయి. కాబట్టి మిషన్ పేరున్న పెంకు అయితే యుద్ధానికి ముందుది అనుకోవచ్చు. మా పెంకు మీద మిషన్ పేరే ఉంది. అయితే పెంకు పాతదైతే కట్టడమూ అంత పాతదే అని తేల్చలేం, పాత పెంకులు మళ్ళీ వాడడం మామూలే. టెస్టర్‌గా నేను "పాస్" అని రాయను.

చివరగా ఒకటి. హైదరాబాదు ఫుట్‌బాల్‌కి ఆ రోజులు బంగారు రోజులు. బడి పంతులుగా పనిచేసిన ఎస్.ఎ. రహీం చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. హైదరాబాదు జట్టు మైసూరు మీద ఆడితే మనం ఎవరి వైపు అని నేను చిన్నతాతను అడిగాను. తెలుగువాళ్ళం కదా అని. ఆయన నవ్వలేదు. "ఇంట్లో మాట్లాడేది తెలుగు. బంతి తన్నింది ఈ మట్టి మీద. మనది మైసూరే" అన్నాడు. 2023లో రియాద్‌లో కర్ణాటక 54 ఏళ్ళ తర్వాత సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు ఆయన లేడు. ఆ రాత్రి నేను ఆ పెంకు మీద దీపం పెట్టాను.

కాటన్స్, జోసెఫ్స్ పోటీ ఇంకా నడుస్తా ఉంది, ఎందుకంటే వాళ్ళ మైదానాలు, గోడలు ఉన్నాయి. నాకు వాళ్ళ మీద కోపం లేదు. అట్లా కాపాడుకున్నందుకు మెచ్చుకోవాలి. మన పెద్దవాళ్ళు చదివిన బడులకు అది దక్కలేదు. హోసూరు, కోలారు, బళ్ళారి, బరంపురం, ఎక్కడున్నా మీ ఇంట్లో ఒక తాతో, మామో, అత్తో ఏదో ఒక బడికి ఆడే ఉంటారు. ఏ బడి, ఏ ఏడు, ఎవరి మీద, బూట్లు ఉన్నాయా లేవా, అడిగి రాసిపెట్టండి. కట్టడం ఇంకా నిలబడి ఉంటే ఈ ఆదివారమే పోయి ఫోటో తీయండి. మా చిన్నతాత పోయేసరికి పైకప్పు సగం దిగిపోయి ఉందంట.