దూరదర్శినీ దర్పణముల సంరక్షణ చరిత్రము

హుస్నాబాదు పూర్వము చేరియుండిన కరీంనగరము జిల్లా వెండితీగ పనికి ప్రసిద్ధము. వెండి గాలి తగిలి నల్లబడుననియు, తోమిన మరల మెఱయుననియు నచటి పనివా రెల్ల రెఱుగుదురు. నక్షత్రములను జూపు దర్పణమున కా మొదటి దోషము కలదు గాని రెండవ యుపాయము చెల్లదు. దర్పణ సంరక్షణ చరిత్రమంతయు నీ చిక్కునుండియే పుట్టినది.

1668వ సంవత్సరమున న్యూటను నిర్మించిన దూరదర్శినిలోని దర్పణము లోహమయము. రాగియు తగరమును దాని ముఖ్యద్రవ్యములు. మన కంచును నా రెంటి మిశ్రమమే. దర్పణమున తగరపు పాలు హెచ్చు. అందుచే దానికి తెల్లని మెఱుగును, పెళుసుదనమును గలిగెను. మాసినప్పుడు లోహమునే యరుగదీయవలెను. అందువలన వంపు చెడవచ్చును. వంపు చెడిన బింబము చెదరును. కావున ప్రతి మరమ్మతును పునర్నిర్మాణముతో సమానమయ్యెను. 1789లో హెర్షెలు పూర్తిచేసిన గొప్ప యంత్రమునకు 48 అంగుళముల దర్పణములు రెండు పోతపోయబడెను. వానికి మెఱుగుపెట్టుట మహాశ్రమ.

1856-57 ప్రాంతమున స్టైన్‌హైలు, ఫూకో యనువారు వేర్వేరుగ గాజుదర్పణముపై పలుచని వెండిపూత నుపయోగించిరి. నాటినుండి వంపును నిలుపుట గాజు పని, వెలుగును మరలించుట వెండి పని యయ్యెను. పూత నల్లబడిన నామ్లముతో కరగించి క్రొత్తపూత వేయవచ్చును; గాజు చెక్కుచెదరదు. 1930 తరువాత శూన్యపాత్రలో వేయు అల్యూమినియము పూత వెండి స్థానము నాక్రమించెను. గాలి తగిలినప్పుడు దానిపై నేర్పడు పొర పారదర్శకమై, పూతకు కవచమగును. ఆ పూత మందము మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే. కనుక దుమ్ము పడిన పొడిగుడ్డతో రుద్దరాదు. శుద్ధజలముతో మెల్లగ కడుగవలెను.

హైదరాబాదున 1901లో నవాబు జఫర్ జంగు స్థాపించిన నిజామియా వేధశాలలోని 15 అంగుళముల దూరదర్శిని కటకముతో పనిచేయునది. దానికి పూతల చింత లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1968లో రంగాపురమున నెలకొల్పినది దర్పణ యంత్రము. దాని వ్యాసమును హెర్షెలు దర్పణమువలెనే 48 అంగుళములు.

వేధశాలల చరిత్రమున స్థాపకుల పేరులును, ప్రారంభోత్సవ దినములును నిలుచును. దర్పణమును కడిగినవారి పేరులు నిలువవు. మాసిన దర్పణమునకు మసకతారలు గోచరింపవు. ఒకనాటి పరిశీలనమును నేడు విలువకట్టుటకు నాటి పూత యెంత ప్రాతదో తెలియవలెను. కావున పూత వేసిన తేదీలు, కడిగిన తేదీలు గల చిట్టాలను శాసనములవలె భద్రపఱుచుట చరిత్రకారుల విధి.