‘రా’ అనే పిలుపు నుంచి పాట దాకా

మొన్న క్లాసులో గద్దర్ గురించి చెబుతుంటే ఒక విద్యార్థి లేచాడు. “సార్, రిక్షాలే లేవు కదా, ఆ పాట ఇప్పుడు మాకెందుకు?” అన్నాడు. వాళ్ల నాన్న మా అశ్వారావుపేట దగ్గరి తోటల్లో పామాయిల్ గెలలు కోసే కూలీ. పిల్లవాడు పాటలు రాస్తాడు. ఈ వారం వ్యాసం అతనికి జవాబు.

తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు మొదట్లో ప్రభుత్వ కుటుంబ నియంత్రణ ప్రచారానికి బుర్రకథలు చెప్పాడు. గొంతు ఉంది, కళ ఉంది, కథ మాత్రం సర్కారుది. తర్వాత బి.నర్సింగరావు ఆర్ట్ లవర్స్ బృందంతో పరిచయమైంది. ఆయన ప్రోత్సాహంతో 1971లో ‘ఆపర రిక్షా’ వచ్చింది. మరుసటి ఏడాది జననాట్యమండలి ఏర్పడింది.

ఆ పేరు గమనించండి. ‘ఆపరా’ అన్నది రిక్షా ఎక్కేవాడు తొక్కేవాడి మీద రోజూ విసిరే మాట. ఎక్కేవాడి నోట్లో అది హుకుం. పాటలోకి వచ్చేసరికి మనిషిని ఆపి మాట్లాడించే పలకరింపు అయింది. నా చదువు ఇది.

1975లో అతనికి బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. 1984లో వదిలేశాడు. మన ఇళ్లలో తొలి జీతం విలువేమిటో తెలిసినవాళ్లకే ఆ రాజీనామా బరువు తెలుస్తుంది.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. అప్పుడు ‘దళిత పులులమ్మా’ పుట్టింది. పద్నాలుగేళ్ల కిందటి పాట శ్రామికుణ్ణి పని పేరుతో పిలిచింది. ఈ పాట దళితులని పిలిచింది. ఊళ్లో భూమి లేక పట్నమొచ్చి రిక్షా పట్టిన వాళ్లలో మనవాళ్లెందరో. వర్గం అన్న ఒక్క మాటతో వాళ్ల బతుకంతా చెప్పలేం. అలాగని కూలి సంగతి వదిలేసి కులం ఒక్కటే చెప్పినా సగమే చెప్పినట్టు. కొత్తగా రాసేవాళ్లు ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

క్లాసు అయ్యాక ఆ పిల్లవాడు తన పాట చూపించాడు. గెల ఉంది, గడకు కట్టిన కొడవలి ఉంది, చెమట ఉంది. ‘కూలన్న’ ఉన్నాడు. వాళ్ల నాన్న లేడు.

“మీ నాన్న తోటాయన్ని ఏమని పిలుస్తాడు?”

“అయ్యా అంటాడు సార్.”

“ఆయనో?”

కాసేపు తల దించుకున్నాడు. “ఒరేయ్ అంటాడు. ఆయన నాన్న కంటే చిన్నోడు సార్.”

“అక్కడి నుంచి మొదలుపెట్టు” అన్నాను.

జై భీమ్.