శ్రేణిలో ఒక సెల్: లిథియం పాలిమర్ బ్యాటరీల సమతుల్యత, చారిత్రక పరిశీలన

బ్యాటరీల చరిత్రను సాధారణంగా కొత్త పదార్థాల ఆవిష్కరణల వరుసగా చెబుతారు. 1800లో వోల్టా, తరువాత సీసం-ఆమ్లం, నికెల్-కాడ్మియం, ఆపైన లిథియం. ఈ వరుస తప్పు కాదు గాని, ఇందులో ఒక విషయం మరుగున పడుతుంది. పాత బ్యాటరీలలో రసాయన చర్యే చూసుకున్న ఒక పనిని లిథియం చేయలేకపోయింది. ఆ పనిని తీగలు, సర్క్యూట్లు, వాటిని వాడే మనుషులు తలకెత్తుకోవలసి వచ్చింది. దీనినే సెల్ బ్యాలెన్సింగ్, అంటే సెల్లను సమతుల్యం చేయడం అంటారు. రిమోట్‌తో నమూనా విమానాలు ఎగరేసే అభిరుచి గలవారిలో ఈ పద్ధతి ఎలా స్థిరపడిందో పరిశీలిద్దాం.

ఒక సెల్ వోల్టేజి చాలనప్పుడు కొన్నింటిని శ్రేణిలో కలుపుతాం. అన్నింటిలోనూ ఒకే కరెంటు ప్రవహిస్తుంది. కాని ఏ రెండు సెల్లూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకదాని సామర్థ్యం కాస్త తక్కువ; మరొకటి ఊరికే పక్కన పెట్టినా త్వరగా దిగిపోతుంది; మధ్యలో ఉన్నది ఎక్కువ వేడెక్కుతుంది. వాడేకొద్దీ ఈ తేడాలు పేరుకుంటాయి.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని బ్యాటరీలో అప్పుడప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉంటారు. సీసం-ఆమ్ల బ్యాటరీలో ముందుగా నిండిన సెల్ తనకు అక్కరలేని కరెంటును నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడానికి ఖర్చు చేస్తుంది. ఈలోగా వెనకబడిన సెల్ నిండుతుంది. తగ్గిన నీరే సమతుల్యతకు మనం చెల్లించే మూల్యం. 1899లో స్వీడన్‌లో వాల్డెమార్ యుంగ్నర్ రూపొందించిన నికెల్-కాడ్మియం సెల్‌ను 1947లో నాయ్‌మన్ పూర్తిగా మూసివేయగలిగాడు. అందులో అదనపు కరెంటు వల్ల పుట్టిన ఆక్సిజన్ లోపలే కాడ్మియం వైపు తిరిగి కలిసిపోయి, శక్తి వేడిగా బయటికి పోతుంది. అందుకే నమూనా విమానాలవారు తక్కువ కరెంటుతో రాత్రంతా చార్జింగ్ పెట్టి పడుకునేవారు. తెల్లవారేసరికి సెల్లన్నీ ఇంచుమించు సమానంగా నిండేవి. ఆ పనికి పేరు పెట్టవలసిన అవసరమే వారికి కలగలేదు.

లిథియంతో పరిస్థితి మారింది. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో గుడెనఫ్ బృందం గుర్తించిన లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ ఆధారంగా 1991లో సోనీ లిథియం-అయాన్ సెల్‌ను మార్కెట్‌కు తెచ్చింది. 1990లలో అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధకులు జెల్ వంటి పాలిమర్‌తో పలుచని సెల్లు రూపొందించారు. ఉక్కు డబ్బా స్థానంలో రేకు సంచి వచ్చింది. బరువు తగ్గింది. విమానానికి అంతకంటే ఏం కావాలి? 2000 తరువాత కొద్ది ఏళ్లలోనే దక్షిణ కొరియా సంస్థ కోకమ్ వంటివారి సెల్లు ఈ అభిరుచి గలవారి చేతికి అందాయి.

అయితే ఈ సెల్‌కు 4.2 వోల్టులు హద్దు. అది దాటితే అదనపు కరెంటును హాని లేకుండా ఖర్చుచేసే మార్గం లోపల లేదు. లిథియం లోహంగా పేరుకుంటుంది, ధనాగ్రం అస్థిరమవుతుంది, సంచి ఉబ్బుతుంది, చివరకు మండుతుంది. తొలినాటి బ్యాటరీలలో చాలావాటికి రెండే తీగలు. మూడు సెల్ల బ్యాటరీని 12.6 వోల్టుల దగ్గర ఆపమని చార్జర్‌కు చెబుతాం. సెల్లు 4.4, 4.1, 4.1 వద్ద ఉన్నా మొత్తం 12.6 వోల్టులే! చార్జర్ దృష్టిలో అంతా సవ్యం. నిజానికి ఒక సెల్ ప్రమాదంలో ఉంది. ఎగిరేటప్పుడూ ఇదే తంతు. 9 వోల్టుల వద్ద మోటారును ఆపే పరికరానికి 3.3, 3.3, 2.4 వోల్టుల తేడా కనిపించదు. సగటు చెప్పే అబద్ధానికి ఇంతకంటే మంచి ఉదాహరణ గణాంక శాస్త్ర పాఠాల్లోనూ దొరకదేమో.

పరిష్కారం చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. ప్రతి సెల్ అతుకు నుంచీ ఒక సన్నని తీగను బయటికి తీశారు. మూడు సెల్లకు నాలుగు తీగలు, ఆరింటికి ఏడు. ఎక్కువ వోల్టేజి ఉన్న సెల్‌కు ఒక నిరోధకాన్ని కలిపి కొంత విద్యుత్తును వేడిగా ఖర్చుచేయిస్తారు. ఒక విధంగా ఇది నికెల్-కాడ్మియం లోపల చేసుకున్న పనే, ఇప్పుడు బయట జరుగుతోంది. 2200 మిల్లీ ఆంపియర్-గంటల సెల్ 5 శాతం ముందుంటే తేడా 110. బ్యాలెన్సర్ 200 మిల్లీ ఆంపియర్ల చొప్పున తగ్గిస్తే సుమారు 33 నిమిషాలు పడుతుంది. తొందరపడి మధ్యలో తీసేసేవారు కోల్పోయేది ఈ అరగంటనే.

మొదట బ్యాలెన్సర్ విడి పరికరం. 1974లో కాలిఫోర్నియాలో సౌరశక్తితో పైలట్ లేని ‘సన్‌రైజ్’ విమానాన్ని ఎగరేసిన ఆస్ట్రోఫ్లైట్ సంస్థే ‘బ్లింకీ’ అనే చిన్న బ్యాలెన్సర్‌ను అమ్మింది. 2000ల దశకం చివరికి ఆ పని చార్జర్‌లోనే కలిసిపోయింది. ప్లగ్గుల విషయంలో మాత్రం కొంతకాలం గందరగోళం. ఒక్కో తయారీదారుది ఒక్కో ప్లగ్గు. ఒకరి బ్యాటరీ మరొకరి చార్జర్‌కు సరిపడేది కాదు. క్రమంగా 2.5 మిల్లీమీటర్ల ఎడం గల జె.ఎస్.టి. ఎక్స్.హెచ్. రకం ఎక్కువ వాడుకలోకి వచ్చింది. అది సర్క్యూట్ బోర్డులకు తీగలు కలపడానికి చేసిన ప్లగ్గు. మాటిమాటికీ పెట్టి తీయడానికి కాదు. అందుకే తీగలు పట్టి లాగితే ఊడిపోతాయి, ఒకదానికొకటి తగిలి షార్టవుతాయి. వాడుక బలంతో నిలిచిన ప్రమాణాల్లో ఇటువంటి లోపాలు తరచుగా కనిపిస్తాయి.

బ్యాలెన్సింగ్‌పై మితిమీరిన నమ్మకం కూడా తగదని నా అభిప్రాయం. అది సెల్ల స్థాయిని సమం చేస్తుందే గాని, ముసలి సెల్‌ను పడుచు చేయలేదు. ప్రతిసారీ అదే సెల్ వెనకబడుతుంటే అది అసమతుల్యత కాదు, సెల్‌కు పట్టిన జబ్బు. ఉబ్బిన బ్యాటరీని బ్యాలెన్స్ చేసి తిరిగి వాడటం కంటే పక్కన పెట్టడమే మేలు.

ఇప్పుడు మన పొలాల్లో మందు చల్లే డ్రోన్లలోనూ లిథియం పాలిమర్ బ్యాటరీలు వాడుతున్నారు. వాటిలో సెల్లు ఎక్కువ, కరెంటు చాలా ఎక్కువ. అయినా లావైన రెండు తీగల పక్కనే ఆ సన్నని తీగల గుత్తి కనిపిస్తుంది. ఈసారి చూసినప్పుడు తీగలు లెక్కపెట్టి ఒకటి తీసివేయండి; ఎన్ని సెల్లు శ్రేణిలో ఉన్నాయో తెలుస్తుంది.